పద్నాలుగు ఇళ్ల బేరిచెట్టు

షాచిర్ చేతిలో అంటుకత్తి ఉన్నన్నాళ్లూ ఓసోయె ఊళ్లో ఏ ముళ్లచెట్టూ ముళ్లచెట్టుగా చచ్చిపోలేదు. అడవిబేరి కనబడితే చాలు, ఆయన చేతులు దురద పెట్టేవి. బడి వెనకాల, శ్మశానం గోడ పక్కన, పోలీసు ఠాణా పెరట్లో, ఆఖరికి ద్రీనా నది ఒడ్డున గొడ్లు నీళ్లు తాగే రేవులో కూడా ఆయన కట్టిన అంట్లు ఉన్నాయి. దారినపోయేవాడు ఆ పండు కోసుకు తింటాడు, వాడి నోట్లో తీపి ఉన్నంతసేపూ అంటు కట్టినవాడికి పుణ్యం వస్తూనే ఉంటుంది, కట్టినవాడు పోయాక కూడా ఆ పుణ్యం ఆగదు అని ఆ కొండల్లో పెద్దల మాట. ఆ మాట షాచిర్ ఒక్కడే మరీ గట్టిగా పట్టుకున్నాడు.

ఆయన పెళ్లినాడు పెళ్లికూతుర్ని తీసుకొచ్చిన బండి గుమ్మం ముందు ఆగితే పెళ్లికొడుకు లేడు. వెతగ్గా వెతగ్గా, మలుపు దగ్గర అడవిబేరి మీద కొత్త చొక్కాతో కూర్చుని తాడు చుడుతున్నాడు. ముడి వేసేదాకా దిగనన్నాడట. "నేను మొదట చూసింది మా ఆయన మొహం కాదు, జోళ్ల అట్టలు" అని హస్నియా యాభై ఏళ్లుగా చెబుతూనే ఉంది. విన్నవాళ్లు యాభై ఏళ్లుగా నవ్వుతూనే ఉన్నారు.

ఓసోయెలో అంటు కట్టేటప్పుడు ఒక ఆచారం ఉంది. అంటువేసే మనిషి రంపం చేతికి తీసుకోగానే ఆ ఇంటి యజమాని నోట్లో పంచదార గడ్డ పెట్టుకుని చెట్టు పక్కన నిలబడాలి. ఆఖరి ముడి పడేదాకా ఉమ్మకూడదు, మింగకూడదు, పెదవి విప్పకూడదు. మాట్లాడితే పండు పుల్లబడుతుంది. ఆ ఊళ్లో పెద్ద పెద్ద వాగుడుకాయలు కూడా ఏడాదికి ఒక్కసారి, అంట్ల రోజున, నోరు మూసుకునేవారు. ఈ ఆచారమే లేకపోతే ఈ కథ లేదు.

అప్పటికి ఊళ్లో షాచిర్ ఇల్లు కాక పద్నాలుగు ఇళ్లు, ఇంటికో పాత బేరిచెట్టు. ఎవరి తాత పెట్టాడో ఎవరికీ తెలియదు. ఒక్కోదానికి ఒక్కో పేరు, ఒక్కో వంక. రహ్మో వాళ్ల పెరట్లోది మూతిముడుపు బేరి, కొరికితే మూతి సాయంత్రానికి గానీ తెరుచుకునేది కాదు. ఇంకోటి కోతలబేరి, బార్లీ కోతల్లో నాలుగు రోజులు పండి అయిదోరోజుకి కుళ్లిపోయేది. ఇంకోటి రాతిబేరి, దాన్ని గొడ్డలితో కొట్టుకుని తినాలి. ఇంకోటి మంచుబేరి. గడ్డిలో పెట్టి మంచు కురిసి కరిగేదాకా ఓపిక పడితే, నల్లగా మెత్తబడ్డాక, తినొచ్చు. ఓపిక పట్టలేనివాళ్లకి కడుపునొప్పి.

పంధొమ్మిది వందల డెబ్బై నాలుగు వసంతంలో ఊరు ఊరంతా ఒకేసారి ఈ చెట్లంటే రోసిపోయింది. పక్క లోయలో ఎవరిదో పెళ్లిలో చెంపలు ఎర్రబడ్డ పసుపు బేరిపళ్లు పెట్టారట, తేనెలా ఉన్నాయట. అంతే. ఒక్కొక్కరే, ఒకరికి తెలియకుండా ఒకరు షాచిర్ దగ్గరికి వచ్చారు. అందరిదీ ఒకటే కోరిక. మా చెట్టు తల నరికి మంచి రకం ఎక్కించు, ఊళ్లో ఇంకెవరికీ లేనిది అయ్యుండాలి. పద్నాలుగు మందికీ షాచిర్ సరేనన్నాడు. అప్పటికి ముప్పై ఆరేళ్లవాడు, ఎవరికీ కాదని చెప్పడం చేతకాదు.

మూడు రోజులు కొండల మీదపడి తిరిగాడు. ఈ ఊళ్లో ఒక రకం, ఆ ఊళ్లో ఒక రకం, పద్నాలుగు రకాల అంటుపుల్లలు పోగుచేశాడు. కట్టలు కట్టి, తడి నాచు చుట్టి, సంచిలో సర్దాడు. ఒక్క కట్ట మాత్రం దారిలో ఎవరికో చూపించి మళ్లీ సంచిలో పెట్టడానికి బద్ధకించి నడుం పట్టీలో దోపుకున్నాడు. నాలుగో రోజు మధ్యాహ్నం ఒక పూటకూళ్ల ఇంటి దగ్గర ఆగి, సంచి కంచెకి తగిలించి, లోపలికెళ్లి చిక్కుడుగింజల పులుసు తిన్నాడు. బాగుందని ఇంకో గిన్నె తిన్నాడు. బయటికొచ్చేసరికి పూటకూళ్లామె మేక కంచె దగ్గర నిలబడి ఉంది. దాని నోట్లోంచి తాడు కొస వేలాడుతోంది. పదమూడు కట్టలు, నాచు, సంచి అడుగు ఏదీ మిగల్లేదు. పూటకూళ్లామె మంచిది, పాపం, పరిహారంగా మేకనే తీసుకుపొమ్మంది. షాచిర్ దాని మొహం కూడా చూడలేకపోయాడు.

వెనక్కి వెళ్దామంటే చెట్లలో రసం ఎక్కేసింది, ఇంకో నాలుగు రోజులైతే అంట్ల అదను దాటిపోతుంది. ఊళ్లోకి వెళ్లగానే జరిగింది చెప్పేద్దామనుకున్నాడు. నిజంగానే అనుకున్నాడు. కానీ మొదటి ఇంటివాడు ఈయన మలుపు తిరగడం చూసి పరుగున ఎదురొచ్చాడు, అప్పటికే బుగ్గలో పంచదార గడ్డ. పంచదార నోట్లో పెట్టుకుని, కళ్లు పెద్దవి చేసుకుని, చెట్టుకేసి చెయ్యి చూపిస్తున్న మనిషికి మేక సంగతి ఎలా చెబుతారు? చెబితే అతను నోరు తెరవక తప్పదు, తెరిస్తే పండు పుల్లన. షాచిర్ ఆ ఒక్క ఇంటికీ నడుం పట్టీలోని కట్టలోంచి రెండు పుల్లలు తీసి కట్టేశాడు. రెండో ఇంట్లో చెబుదామనుకున్నాడు. రెండో ఇంటివాడు రెండు గడ్డలు పెట్టుకుని ఉన్నాడు.

అలా రెండు రోజుల్లో పద్నాలుగు ఇళ్లూ అయిపోయాయి. పుల్ల పుల్లే కదా, చూస్తే ఏం తెలుస్తుంది. పాత కొమ్మలు రంపంతో కోసి కింద పడేసి, ఒకే చెట్టు పుల్లలు పద్నాలుగు చెట్లకి ఎక్కించాడు. తర్వాత్తర్వాత ఆయన్ని కుదురుగా నిద్రపోనివ్వనిది ఆ కోసి పడేసిన కొమ్మలే. పక్కనే పడున్నాయి, కాళ్లకి అడ్డం తగులుతున్నాయి. ఒక్కో కొమ్మ నుంచి ఒక్కో పుల్ల దాచి ఏ ముళ్లచెట్టుకో కట్టి ఉంటే ఏ రకమూ పోయేది కాదు. దారినపోయే ప్రతి ముళ్లచెట్టునీ ఆపి అంటు కట్టే మనిషి, ఆ రెండు రోజులూ వాటిని దాటుకుంటూ నడిచాడు. ఆ చలికాలం ఊరంతా ఆ కొమ్మలే పొయ్యిలో పెట్టుకున్నారు.

నాలుగేళ్లకి కాపు వచ్చింది. పండు బంగారం. పసుపు ఒళ్లు, ఎర్ర చెంప, నోట్లో పెడితే కరిగేది. ఎవరి పండుకి వాళ్లు పేరు పెట్టుకున్నారు. ఒకరిది బేగుగారి బేరి, ఒకరిది మేనకోడలి బేరి, ఒకరిది వట్టి బంగారుబేరి. శరదృతువు వచ్చిందంటే బుట్టలతో ఇళ్లు తిరగడం, పక్కింటివాళ్ల పండు కొరికి, కాసేపు నమిలి, బాగానే ఉంది గానీ మాదానికి ఆ వాసన వేరు అనడం. రెండు ఇళ్లవాళ్లు బేరిపళ్ల మీదే ఆరేళ్లు మాటలు మానుకున్నారు. వాళ్ల పండు తోలు మందమని వీళ్లు, వీళ్ల పండులో ఇసక తగులుతుందని వాళ్లు. అందరికంటే గట్టిగా వాదించేది దెవ్లెతా. డెబ్బై నాలుగు శరత్తులో కోడలిగా వచ్చింది ఆ ఊరికి. ఆమె పండుని ఎవరైనా ఒక్క మాట అంటే కాఫీ గిన్నె పొయ్యి మీద వదిలేసి వీధిలోకి వచ్చేది.

తీర్పు చెప్పమని ఏటా పద్నాలుగు పళ్లేలు షాచిర్ గుమ్మంలోకి వచ్చేవి. ఆయన ఒక్కో పళ్లెంలోంచి ఒక్కో ముక్క తినేవాడు. పద్నాలుగుసార్లు అదే పండు. దేనికదే సాటి అని చెప్పేవాడు. ఆ మాట వరకూ అబద్ధం కాదు కూడాను. ఆయన చేతి మహిమ గురించి లోయ కింది దాకా పేరు పాకింది. ఒకే మనిషి, పద్నాలుగు రకాలు, ఒక్కటీ వాడలేదు.

తర్వాత యుద్ధం వచ్చింది. ఊరు ఖాళీ అయింది. తొమ్మిదేళ్లకి షాచిర్ కాక తిరిగొచ్చినవాళ్లు పదకొండు ఇళ్లవాళ్లు. ఇళ్లకి కప్పుల్లేవు గానీ బేరిచెట్లు కప్పులంత ఎత్తున ఉన్నాయి. ఇన్నేళ్లూ కత్తి తగలక అంటు కింది మొదళ్ల నుంచి పిలకలు లేచి పొదలై కూర్చున్నాయి. ఆ పిలకలు అంటు బలం తాగేస్తాయని ఊరంతా రంపాలు పట్టుకుని నరికేశారు. చేతకానివాళ్ల ఇళ్లకి షాచిర్ స్వయంగా వెళ్లి నరికిపెట్టాడు. దెవ్లెతా అయితే నరికాక ఆ మొదలు చుట్టూ సున్నం కొట్టి, ఏటా వసంతంలో గుడ్డతో తుడిచినట్టు శుభ్రం చేసేది. రహ్మో ఒక్కడు మాత్రం వచ్చే ఏడు చూద్దాంలే అన్నాడు. రహ్మో ఇంటి తలుపుకి గడియ కూడా వచ్చే ఏడే రావాల్సి ఉంది, ఇప్పటికీ.

ఇక రెండువేల పన్నెండు, మే నెల. సరయెవో నగరం నుంచి మెరిమా అనే అమ్మాయి వచ్చింది. చెట్ల చదువు చదివింది, పాత బేరి రకాలు వెతికి పట్టుకోవడం ఆమె ఉద్యోగం. వీపున సంచి, సంచి నిండా చిన్న చిన్న కాగితపు కవర్లు. ఒక్క ఊళ్లో పద్నాలుగు రకాలని ఎవరో చెబితే నమ్మలేక బస్సెక్కి వచ్చేసింది. తిరిగిరాని ఇళ్లవి మూడు చెట్లు కూడా బతికే ఉన్నాయి కాబట్టి పద్నాలుగూ పద్నాలుగే. ఆమె పొడుగు కర్రతో చెట్టుచెట్టుకీ ఆకులు దింపుకుంది. ప్రయోగశాలలో ఆ ఆకుల లోపలి గుట్టు చదివి ఏది ఎవరి వంశమో తేలుస్తారట. పదమూడు అయ్యాక వాన పట్టుకుంది. పద్నాలుగోది రహ్మో చెట్టు. కవరు అతని చేతికిచ్చి, వాన తగ్గాక నాలుగాకులు వేసి బస్సు దగ్గరికి తెమ్మంది. రహ్మో కుర్చీలోంచి లేవకుండా చెయ్యి చాచి అందినవి కోసి వేశాడు.

ఆకులు దింపినంతసేపూ షాచిర్ ఆమె వెనకే తిరిగాడు. ఇన్ని రకాలు ఎందుకమ్మా నీకు అని అడిగాడు. ఆమె కాఫీ తాగుతూ తీరిగ్గా చెప్పింది.

"నదీ తీరంలో నిప్పుతెగులు వచ్చింది, తాతా. కొమ్మ కొమ్మంతా కాల్చినట్టు నల్లబడిపోతోంది. అది ఇక్కడికి ఎక్కినా మీకు భయం లేదు. పద్నాలుగు రకాల్లో పది పోయినా నాలుగు నిలబడతాయి. ఒకటే రకం ఉన్న ఊరైతే ఒక్క వేసవి చాలు, ఒక్క చెట్టు మిగలదు."

షాచిర్ కప్పు కింద పెట్టేశాడు. ఇన్నాళ్లూ ఆయన భయం పరువు గురించి. ఇప్పుడు తెలిసింది, తాను పద్నాలుగు ఇళ్లకి పండు పెట్టలేదు, పద్నాలుగు ఇళ్ల మీద ఒకే గడ్డివామి పేర్చి పెట్టాడు. పాతవేవైనా ఎక్కడైనా మిగిలాయా అంటే, పై కొమ్మలు తన రంపంతో కోశాడు, కింద పాత మొదళ్ల నుంచి లేచిన పిలకలు ఊరి రంపాలతో కోయించాడు.

ముందు హస్నియాకి చెప్పాడు. ఆమె బురెక్ అనే మాంసపు రొట్టెకి పిండి సాగదీస్తోంది, చేతులు ఆపలేదు.

"మేకేగా? నాకు తెలుసు. నలభై ఏళ్లనుంచి నిద్దట్లో దాన్నే తిడుతున్నావు. ఎవరి మేకో అనుకున్నా గానీ ఏం తిందో తెలీదు ఇన్నాళ్లూ. సరే, పోయి చెప్పు. చెప్పొచ్చాక తిందువుగాని."

శుక్రవారం నమాజు అయ్యాక మసీదు గోడ మీద మగాళ్లంతా కూర్చుని ఉండగా చెప్పాడు. పూటకూళ్ల ఇల్లు, పులుసు, మేక, నడుం పట్టీ, పద్నాలుగు ఇళ్లూ పూసగుచ్చినట్టు. అంతా శ్రద్ధగా విన్నారు. విన్నాక ఒకరు నీళ్లు తెచ్చారు, ఒకరు గొడుగు పట్టారు. ఎండదెబ్బ అని తేల్చారు. రహ్మో దగ్గరికొచ్చి, "అన్నా, రెండు గిన్నెల పులుసు తింటే నాకూ ఇలాంటివే వస్తాయి, పడుకుంటే పోతుంది" అని ఓదార్చాడు. నలభై ఏళ్లు నాలిక మీద తిప్పుకున్న పండు రుచి తమకి తెలియదా అని వాళ్ల ధీమా.

కానీ ఆ వారమంతా ఒక్కొక్కరే చాటుగా రావడం మొదలెట్టారు. ఒకాయన సానరాయి అడగడానికి వచ్చి, కూర్చుని, గొంతు తగ్గించి, మిగతావన్నీ ఒకటేనని తనకి ఎప్పటినుంచో అనుమానమనీ, తమది మాత్రం వేరేగా కట్టావు కదా అనీ అడిగాడు. కాదు, అదీ అదే అన్నాడు షాచిర్. సానరాయి తీసుకోకుండానే వెళ్లిపోయాడాయన. ఇంకొకామె గుడ్లు తెచ్చింది. ఆమెదీ అదే ప్రశ్న, ఈయనదీ అదే జవాబు. గుడ్లు తిరిగి ఎత్తుకుపోయింది. పది ఇళ్లవాళ్లు అలా వచ్చి వెళ్లారు. ఊరంతా ఒకటే చెట్టని పదిమందీ ఒప్పుకున్నారు, ఎవరికి వాళ్లు తమ ఇంటిని మినహాయించి. దెవ్లెతా ఒక్కతే రాలేదు.

జూలైలో నదీ తీరంలో చెట్లు నల్లబడటం ఊరి మీద నుంచి చూస్తేనే తెలిసింది. సెప్టెంబరుకి లోయ సగం దాకా ఎక్కింది. షాచిర్ రోజూ మలుపు దాకా నడిచి చూసి వచ్చేవాడు. 

అక్టోబరులో మెరిమా వచ్చింది. మొహం వాడిపోయి ఉంది. షాచిర్ ఇంట్లో బల్ల మీద కాగితాలు పరిచింది, ఊరు ఊరంతా గుమ్మంలో మూగింది. పదమూడు కవర్లలో ఆకులూ ఒకే చెట్టువి, అచ్చు గుద్దినట్టు ఒకటే అని చెప్పింది. తాను అబద్ధాలకోరునని ప్రయోగశాల రుజువు చేస్తే హమ్మయ్య అని కూలబడ్డ మనిషిని ఓసోయె ఆ రోజే చూసింది.

ఊరికి కోపం రావడానికి కాస్త టైము పట్టింది. ముందు యంత్రం పాడైందన్నారు. తర్వాత ఆ మేక ఎవరిదో తెలుసుకోవాలన్నారు. తర్వాత అసలు గొడవ మొదలైంది. ఆ రోజు షాచిర్ మొదట ఏ ఇంటికి కట్టాడో ఆ ఇంటి చెట్టే అసలుదవుతుంది, మిగతా పదమూడూ దానికి నకళ్లవుతాయి కాబట్టి, మొదటి ఇల్లు మాదంటే మాదని నలుగురు లేచారు. షాచిర్‌కి ఏ ఇల్లో నిజంగానే గుర్తులేదు. గుర్తుందని ఆయన మీదకి వచ్చారు. ఆరేళ్లు మాటలు మానుకున్న ఆ రెండు ఇళ్లవాళ్లు, ఇప్పుడు ఇద్దరిదీ ఒకటే పండని తేలినందుకు మళ్లీ మాటలు మానుకున్నారు.

మెరిమా బల్ల మీద కొట్టి అందరినీ ఆపింది. పదమూడు అన్నాను, పద్నాలుగు అనలేదు అంది. రహ్మో ఇచ్చిన ఆకులు వేరే చెట్టువి. తమ దగ్గరున్న ఏ రకంతోనూ కలవడం లేదట.

అందరూ రహ్మో వైపు చూశారు. రహ్మో భయపడిపోయి, "నేనేం చెయ్యలేదు" అన్నాడు. అతని జీవితానికి అంతకంటే కచ్చితమైన మాట లేదు.

వెళ్లి చూశారు. రహ్మో చెట్టుకి అంటు కింది పిలకలు ఏళ్ల తరబడి వచ్చే ఏడు వచ్చే ఏడు అనుకుంటూ పెరిగి, చుట్టూ గుబురై, రహ్మో కుర్చీకి నీడ ఇస్తున్నాయి. వాటి నిండా చిన్న చిన్న ఆకుపచ్చ కాయలు. అడవివి అనుకుని ఎవరూ ముట్టుకోలేదు. షాచిర్ ఒకటి కోసి కొరికాడు. మూతి ముడుచుకుపోయింది. కళ్లలో నీళ్లు తిరిగాయి, అవి పులుపుకో మరిదేనికో హస్నియాకి కూడా తెలియలేదు. నోరు కదిలేదాకా ఆగి, "మూతిముడుపు బేరే" అన్నాడు.

ఇది తెగులుకి నిలబడుతుందా అని అడిగితే మెరిమా ఇప్పుడే చెప్పలేనంది. నిలబడొచ్చు, పడొచ్చు. అందుకే ఒక్కటి చాలదు, ఇంకా కావాలి, ఎవరి చెట్టు మొదట్లోనైనా ఒక్క పిలక మిగిలి ఉంటే చూడండి అంది.

అంతే, ఆ మధ్యాహ్నం ఊరంతా మోకాళ్ల మీద వంగిపోయింది. పెద్దపెద్ద మనుషులు బేరిచెట్ల మొదళ్ల దగ్గర నుదురు నేలకి ఆనించి గడ్డి తొలగిస్తున్నారు. దారిన వెళ్తున్న మసీదు హోజా గారు అది ఏ పూట నమాజో అర్థంకాక చేతి గడియారం రెండుసార్లు చూసుకున్నారట. తిరిగిరాని ఇళ్లలో ఒకదాని దగ్గర కోతలబేరి దొరికింది, నరికేవాళ్లు లేక దర్జాగా పెరిగి ఉంది. ఇంకొకరి పెరట్లో గోడకీ చెట్టుకీ మధ్య రంపం పట్టని సందులో రాతిబేరి పిలక ఒకటి మిగిలింది. మొత్తం మూడు. రహ్మో ఆ రోజు నుంచి కాఫీ తెస్తే గానీ చెట్టు చూడనివ్వలేదు.

దెవ్లెతా చెట్టు మొదలు మాత్రం అద్దంలా ఉంది. పదకొండేళ్లు తుడిచిన మొదలు. పిలక కాదు గదా, పిలక లేచిన మచ్చ కూడా లేదు. ఆమె చాలాసేపు వేళ్లతో తడిమి చూసింది. చీకటి పడకముందే షాచిర్ ఇంటికి వచ్చింది. ఇన్ని నెలల్లో రావడం అదే మొదలు. కూర్చోమంటే కూర్చోలేదు.

"మా ఇంటిది మంచుబేరి కదన్నా?" అంది.

అవునన్నాడు.

"ఎలా ఉండేది?"

షాచిర్ అబద్ధం ఆడలేదు. కోసినప్పుడు రాయి, పురుగులకి ఇష్టం, గడ్డిలో పెడితే సగం కుళ్లేది. కానీ ఆ మిగిలిన సగం, మంచు కరిగే రోజుల్లో, ఇంట్లో తినడానికి వేరే పండన్నది ఏదీ లేని రోజుల్లో, చెంచాతో తీసుకుని తింటే ద్రాక్షసారాకీ బెల్లానికీ మధ్య రుచి. వాళ్ల అత్తగారు జుమ్రా అది ఎవరికీ పెట్టకుండా గడ్డిలో దాచుకునేదని కూడా చెప్పాడు.

"మా అత్త ఊళ్లో లేని రెండ్రోజులు చూసి మా మామ కొట్టించాడు దాన్ని, ఆవిడ సంతోషిస్తుందని. ఆ శరత్తులోనే నేనొచ్చా. మొదలు పాతదే కదా, పాత రుచి ఎక్కడికీ పోదనుకుంది ఆవిడ. కొత్త అంటు కాసిన మొదటి ఏడు పండు కొరికి ఏమందో తెలుసా? నువ్వు అడుగు పెట్టావు, మా బేరి రుచి పోయింది అంది. పద్నాలుగేళ్లు ఏటా అంది. మీ ఇంట్లో కాఫీకి కూర్చుని కూడా అంది. నువ్వు విన్నావు. విని చక్కెర అందించావు."

 తను చక్కెర అందించిన సంగతి షాచిర్‌కి గుర్తుంది.

"ఆవిడ గయ్యాళి అనుకుంటూ పూడ్చిపెట్టా నేను. ఆవిడ నాలిక నిజమే చెప్పింది. తప్పల్లా నా కాలి మీదకి తోసింది. ఇప్పుడు ఎవరికి చెప్పుకోను?"

ఈయన క్షమించమన్నాడు. ఆమె క్షమిస్తానని అనలేదు, క్షమించనని కూడా అనలేదు. రేపు పలుగు పార తీసుకుని మా పచ్చిక మీదకి రా అని మాత్రం చెప్పి వెళ్లింది.

ఊరికి పైన, గాలి తగిలే చోట, దెవ్లెతాది ఒక పచ్చిక ఉంది. తెగులు అంత సులువుగా ఎక్కలేని చోటు. పాత రకాల తోట పెట్టడానికి మెరిమా దాన్నే అడిగింది, దెవ్లెతా ఇస్తానంది. ఈ శరత్తులో గుంటలు తీసి అడవిబేరి మొక్కలు పెట్టాలి, వసంతంలో షాచిర్ వాటికి అంట్లు కట్టాలి. చేతులు వణుకుతున్నాయి ఆయనకి. మెరిమా ఒకటి పట్టుకుంటే ఇంకోటి తాను కడతానన్నాడు. రకానికి మూడు మొక్కల చొప్పున తొమ్మిది గుంటలు. మేక తినని ఆ పసుపు రకానికి కూడా ఒకటి తీశారు, దానికేం తెలుసు పాపం అని. మొత్తం పది.

దెవ్లెతా పదకొండోది తీయమంది. అందులో పెట్టడానికి ఏమీ లేదని మెరిమా మెల్లగా చెప్పింది. తెలుసు, తీయమను అంది దెవ్లెతా. షాచిర్ తీశాడు. డెబ్బై నాలుగేళ్ల మనిషి, రాతినేల, మధ్యాహ్నం దాకా పట్టింది. ఎవరైనా సాయం వస్తే దెవ్లెతా కళ్లతోనే వెనక్కి పంపింది. లేని మొక్కకి కంచె కూడా కట్టించింది. వచ్చే ఏడు తెగులు ఆ కొండ మీదకి వచ్చినా పోవడానికి ఏమీ లేని గుంట అదొక్కటే.

చిక్కంతా పలక దగ్గర వచ్చింది. ప్రతి మొక్కకీ రకం పేరుతో ఒక పలక పెడుతున్నారు. పదకొండో గుంటకి కూడా కావాలంది దెవ్లెతా, ఏం రాయాలో తనే చెప్పింది. మెరిమా రాసుకుంటూ రాసుకుంటూ కలం ఆపేసింది. ఇది ప్రభుత్వం తోట, పలక మీద ఇలాంటివి రాయకూడదంది. అయితే పచ్చిక కూడా ప్రభుత్వాన్నే తెచ్చుకోమను అంది దెవ్లెతా. మెరిమా షాచిర్ వైపు చూసింది, ఆయనైనా వద్దంటాడేమోనని.

"రాయి అమ్మాయ్. అక్షరం వదలకు" అన్నాడాయన.

ఓసోయె పైకి వెళ్తే ఇప్పటికీ ఆ పలక చూడొచ్చు. షాచిర్ తన చేత్తోనే పాతాడు. మంచుబేరి, అని పైన ఉంటుంది. దాని కింద: దీన్ని షాచిర్ కోసేశాడు, దెవ్లెతా అడుగు వల్ల పోలేదు.